లావ్ సార్ నేర్పిన మాటలు

అల్ ఖోబర్, అజీజియా
5 నవంబర్ 2024, మంగళవారం

మొండయ్య మామకు స్వామి దండాలు.

చేతిలో ఫోన్ పెట్టుకుని ఈ కాగితాల ముచ్చట ఏమిటని తిట్టకు మామా. ఇక మీదట ఫోన్లో నేనేమీ మాట్లాడను. నువ్వు చేసినా తిన్నావా, పడుకున్నావా, అంతవరకే అడుగు. మీ బురైదా నుంచి ఖర్జూరం డబ్బాలు దింపడానికి ఖాజా భాయ్ లారీ ఇక్కడికి వస్తూనే ఉంటుంది కాబట్టి అతని చేతికిస్తున్నాను. అతను రాయచోటి మనిషే అయినా చదివింది ఉర్దూ, తెలుగు అక్షరాలు రావు. అందుకే కొంచెం ధైర్యంగా రాస్తున్నాను.

సంగతి ఏమిటంటే, సెలవు మీద ఊరికి పోయిన మన యాదగిరన్న మొన్న శుక్రవారం దమ్మామ్‌లో విమానం దిగాడు. దిగినవాడు రూముకు రాలేదు. అన్నం వండి పెట్టుకుని చూశాం, అన్నం చల్లారిపోయింది గాని మనిషి రాలేదు. తెల్లారి మా ఆఫీసులో కాగితాల పని చూసే వాజిద్ సాబ్ చెప్పాడు, పట్టుకున్నారని. అన్న పెట్టెలో ఒక కుట్టిన గుడ్డ సంచి ఉందట. అందులో మసాలా సామాన్లు, వాటి నడుమ చిన్న మూటలో గసగసాలు. ఇక్కడ గసగసాలంటే మత్తుమందు కిందే లెక్క అని నేను వచ్చిన కొత్తలో చెప్పింది నువ్వే కదా.

ఆ సంచి యాదగిరన్నది కాదు మామా. మా రూములో ఒకడికి ఇంటివాళ్లు పంపింది. మనవాళ్ల పద్ధతి నీకు తెలియనిది కాదు, ఊరికి పోయినవాడు వచ్చేటప్పుడు పదిమంది సంచులు మోసుకొస్తాడు. కుట్టిన సంచిని ఎవడూ విప్పి చూడడు, విప్పితే నమ్మలేదన్నట్టే. సంచి మీద స్కెచ్ పెన్నుతో పేరు కూడా రాసి ఉందట, తెలుగులో. ఎవరిదని ఎంత అడిగినా అన్న నోరు విప్పలేదని వాజిద్ సాబ్ అన్నాడు. ఆ అక్షరాలు చదివేవాడు వాళ్లకు ఇంకా దొరకలేదు. దొరికిన రోజు ఆ పేరుగలవాడి గతి ఏమిటో తలచుకుంటే నాకు పనిలో ఏం చేస్తున్నానో తెలియడం లేదు.

నేను లిఫ్టుల పనిలో హెల్పర్ననీ, మా పైన హాంకాంగ్ నుంచి వచ్చిన లావ్ సార్ ఉన్నాడనీ చెప్పాను కదా. యాదగిరన్న కూడా ఆయన చేతికిందే చేసేవాడు. ఆదివారం లిఫ్టు పట్టాలకు నూనె పూస్తుంటే అన్న ఏడని అడిగాడు. వచ్చీరాని ఇంగ్లీషులో చెప్పాను. ఆయన చేతిలో పని ఆపేశాడు. తర్వాత నూనె తుడిచే గుడ్డపేలిక తీసుకుని నా మణికట్టుకూ ఆయన మణికట్టుకూ కలిపి కట్టి, ఒక్క గుంజు గుంజాడు. నేను తూలి ఆయన మీద పడబోయాను. "లిన్ లొయ్" అన్నాడు. ఒకడు చేసింది పక్కవాడి మీద పడడాన్ని వాళ్ల కాంటనీస్ భాషలో అలా అంటారట. ఇంకోటి కూడా చెప్పాడు, "థో లోక్ సొయ్". అంటే మునిగేవాడు గట్టు మీదివాణ్ణి కూడా నీళ్లలోకి గుంజుకోవడం.

నవ్వకు మామా, ఆ మాటలు నేను బట్టీ పడుతున్నాను. రూములో తెలుగులో ఏడిస్తే మనవాళ్లు వింటారు, హిందీలో ఏడిస్తే బంగ్లావాళ్లు వింటారు. ఈ మాటలు ఎవరికీ తెలియవు. స్నానం చేస్తూ నల్లా తిప్పి లిన్ లొయ్, లిన్ లొయ్ అని అనుకుంటే ఛాతీలో బరువు కొంచెం దిగుతుంది.

చదివి చింపెయ్యి.

నీ మేనల్లుడు
స్వామి


బురైదా, ఖర్జూరం తోట
8 నవంబర్ 2024, శుక్రవారం

అల్లుడు స్వామికి మీ మామ దీవెనలు.

నీ ఉత్తరం ముట్టింది. చింపాను, మోటరు షెడ్డు వెనక మట్టల మంటలో వేశాను కూడా. ఏడో తరగతి తర్వాత నేను రాస్తున్న మొదటి ఉత్తరం ఇదేనేమో, వేళ్లు కొంకర్లు పోతున్నాయి.

ముందు నీకు నాలుగు చీవాట్లు. సంచి ఎవడిదో అయితే నీకెందుకు అంత దడ? నీ పని నువ్వు చేసుకో. ఆ సంచివాడు ఎవడైనా సరే నోరు మూసుకుని కూర్చోవాలి. యాదగిరి మొండివాడు, తట్టుకుంటాడు. ఒకడు లోపల ఉన్నాడు, ఇంకొకడు పోయి నేను కూడా ఉన్నానంటే ఇద్దరూ లోపలే ఉంటారు. దానివల్ల ఎవడికి లాభం? వాడికి నా మాటగా చెప్పు, పేరు చదివేవాడు దొరికే దాకా దేవుడిచ్చిన గడువు అనుకుని ఊపిరి బిగబట్టుకోమను.

ఆ ఒకడెవడో నువ్వు దాచినా నాకు తెలిసిపోయింది. ఈ ఖాజాయే. వీడు బురైదాలో మనవాళ్ల దుకాణాలకు మసాలాలు తెచ్చి వేస్తాడు, నీ రూములో సగం రోజులు పడుకుంటాడు. మరి వీడు కాక ఎవడు? నీ ఉత్తరం వీడి చేతే పంపావు చూడు, తెలివి తక్కువ వెధవ. నిన్న వీడు చాయ్ తాగుదామని నా దగ్గరికి వస్తే లేచి అవతలికి పోయాను. తోటలో మనవాళ్లందరికీ చెప్పాను, ఖాజా చేతికి ఏ సామానూ ఇవ్వొద్దు, వాడి నుంచి ఏదీ తీసుకోవద్దని. ఈ ఉత్తరం మాత్రం గత్యంతరం లేక ఇస్తున్నాను, కవరుకు అన్నం మెతుకులు పెట్టి నాలుగు వైపులా అంటించాను.

నీ హాంకాంగ్ సాబ్ భాష తమాషాగా ఉంది. అయినా మనకేం తక్కువ? ఇరికించుడు, ముంచుడు, అంటగట్టుడు, మెడకు చుట్టుడు. ఒక్క యాదగిరికే ఇవన్నీ సరిపోయాయి పాపం.

నా ఫైనల్ ఎగ్జిట్ కాగితాలు మా యజమాని కఫీల్ కొడుకు ఆఫీసులో ఇచ్చాడు. వచ్చే నెలాఖరుకు అయిపోతుందన్నాడు. ఇక తిరిగి వచ్చేది లేదు. మనవరాలు పుట్టి నడక కూడా నేర్చింది, నేనింకా ఎత్తుకోలేదు. ఫోన్లో చూపిస్తే నన్ను చూసి భయపడి ఏడుస్తుంది. అన్నట్టు, మా అక్క, అదే మీ అమ్మ, నాకు మసాలా సామాను ఎవరి చేతికో ఇచ్చి పంపుతానంది. ఎవరికిచ్చిందో కనుక్కుని రాయి. పోయేలోపు అది నాకు ముట్టాలి.

భయపడకు. వేళకు తిను.

మొండయ్య


అల్ ఖోబర్
12 నవంబర్ 2024, మంగళవారం

మామకు,

నీ ఉత్తరం చదివి తల గోడకేసి కొట్టుకున్నాను. ఖాజా భాయ్ కాదు మామా. అతనికి ఏ పాపమూ తెలియదు. నిన్న డబ్బాలు దింపి నా పక్కన కూర్చుని అతనన్న మాట విను: "మీ మామ నన్ను దొంగ మాదిరి చూస్తాండాడు. ఆయనకు జ్వరమొచ్చినప్పుడు ఆస్పత్రికి ఎత్తకపోయినోడ్ని నేను. ఏం తప్పు చేసినానో నువ్వన్నా చెప్పు సామీ." ఏం చెప్పను? నీ ఉత్తరం అప్పుడు నా జేబులోనే ఉంది.

ఆ ఒకడు నేనే. సంచి నాది. యాదగిరన్న ఊరికి పోయేటప్పుడు మా అమ్మ ఏదైనా ఇస్తే తెమ్మని చెప్పింది నేను. అమ్మ మసాలా సంచి కుట్టి అన్న ఇంటికి పోయి ఇచ్చి వచ్చానని ఫోన్లో చెప్పింది కూడా. నువ్వడిగిన సామాను కూడా బహుశా అందులోనే ఉంటుంది, నీకూ నాకూ కలిపి పంపి ఉంటుంది. గసగసాలు పాపం తెలియక వేసింది. సంచి మీద పేరంటే నాది కాక ఎవరిదై ఉంటుంది? నీతో మొదటే చెప్పలేకపోయాను, చెప్తే నువ్వు భయపడతావనుకున్నాను. అబద్ధమెందుకు, భయపడింది నేను.

గేటు ముందు తెల్ల కారు ఆగితే చాలు, పోలీసులేమోనని బాత్రూములోకి పోయి గడియ వేసుకుంటున్నాను. మొన్న వాజిద్ సాబ్ నా ఇఖామా, ఇక్కడ ఉండనిచ్చే కార్డు, దాని కాపీ అడిగాడు. అయిపోయింది, అన్న నా పేరు చెప్పేశాడనుకున్నాను. అన్న మీద ఎంత కోపం వచ్చిందో రాయడానికి సిగ్గుగా ఉంది. తీరా చూస్తే అది రెన్యువల్ కోసమట, రూములో అందరి కాపీలూ తీసుకున్నాడు. ఆ కోపం గుర్తొస్తే ఇప్పటికీ మొహం ఎక్కడ పెట్టుకోవాలో తెలియడం లేదు.

లావ్ సార్‌ను ఇంకా మాటలు చెప్పమని అడుగుతున్నాను. ఆయన మొదట వింతగా చూశాడు. మిగతావాళ్లు అన్నం, నీళ్లు, బాగున్నారా లాంటివి అడుగుతారు, నువ్వేమిటి ఇవే అడుగుతావన్నాడు. అయినా చెప్పాడు. "మే వోక్" అంటే ఇంకొకడి మసి మూకుడు వీపున మోయడం, వాడి నింద మనం మోయడమన్నమాట. "సిక్ సెయ్ మావ్" అంటే చేయని తప్పుకు చచ్చిన పిల్లిని తినడం. "సే బోక్" అంటే భుజం వాల్చి బరువు పక్కవాడి మీదికి జారవిడవడం. ఈ చివరి మాట చెప్తూ తన భుజం వాల్చి చూపించాడు. నన్నేమీ అనలేదు గాని నాకు చెంప మీద కొట్టినట్టయింది.

మా పనిలో ఒక పద్ధతి ఉంది మామా. లిఫ్టు గుంతలోకి దిగే ముందు మెయిన్ స్విచ్చు ఆపి, లోపల మనిషి ఉండగా ఎవరూ వేయకుండా దానికి ప్రతి మనిషీ తన సొంత తాళం వేస్తాడు. తాళం మీద వాడి ఫోటో, పేరు. ముగ్గురు దిగితే మూడు తాళాలు. ఎవడి తాళంచెవి వాడి జేబులోనే ఉంటుంది, నా తాళం ఇంకొకడు తీయకూడదు, ఎంత పెద్ద సారైనా సరే. యాదగిరన్న తాళం ఇప్పుడు ఊరికే మేకుకు వేలాడుతుంది. ఫోటోలో నవ్వుతూ ఉంటాడు. రోజూ పొద్దున నా తాళం తీసుకోవాలంటే దాని పక్కన చెయ్యి పెట్టాలి.

యాదగిరన్న భార్య సరళ వదిన రోజూ మా ఇంటికి వచ్చి అరుగు మీద కూర్చుంటుందట. స్వామికి ఏమైనా తెలుసేమో అడగత్తా అంటుందట. మా అమ్మ తనకేమీ తెలియక ఆమెకు అన్నం పెట్టి పంపుతుంది. నేను పోయి సంచి నాదేనని చెప్పేయనా మామా? నువ్వు ఎలా చెప్తే అలా చేస్తాను.

ఖాజా భాయ్‌తో మాట్లాడు. నీ కాళ్లు పట్టుకుంటాను.

స్వామి


బురైదా
15 నవంబర్ 2024, శుక్రవారం

అల్లుడా,

నువ్వు ఎక్కడికీ పోవద్దు. ఎవరికీ ఏదీ చెప్పొద్దు. ఇది నా ఆజ్ఞ అనుకో. మీ నాన్న పోయినప్పుడు నిన్ను నా చేతిలో పెట్టింది మా అక్క. నీకేమైనా అయితే ఆమెకు నేను ఏ మొహం చూపించను?

నీ ఉత్తరం చదివినప్పటి నుంచి నాకు నిద్ర లేదు. మోటరు ఆన్ చేసి నీళ్లు కట్టడం మరిచిపోయాను, ఒక మడి మొత్తం తొట్టిలా నిండిపోయింది. సూపర్‌వైజర్ తిట్టాడు. ఏం తిట్టాడో కూడా వినపడలేదు.

ఇంకో మాట. అక్కను ఏమీ అడగకు. గసగసాలు ఎందుకు వేశావు, ఎవరు వేయమన్నారు, ఇలాంటివి ఆమెను అడగొద్దు. ఆమె ముసలిది, తన చేతివల్లే ఇదంతా అయిందని తెలిస్తే తిండి మానేస్తుంది. అడగనని నాకు మాట ఇవ్వు.

ఖాజా సంగతి నన్ను ఏం చేయమంటావు? నా కంటే చిన్నవాడు. అందరి ముందూ అవతలికి పోయాను, ఇప్పుడు అందరి ముందూ పోయి తప్పయిందంటే ఎందుకని అడుగుతారు. ఎందుకో చెప్పాలంటే నీ సంగతి చెప్పాలి. మనవాళ్లు అతనికి పార్సిళ్లు ఇవ్వడం మానేశారు. నిన్న లారీలోకి డబ్బాలు ఎక్కిస్తుంటే ఎవడూ సాయం పట్టలేదు, ఒక్కడే ఎక్కించుకున్నాడు. నేను మోటరు షెడ్డులోంచి చూస్తూ నిలబడ్డాను. ఈ ఉత్తరం ఇచ్చేటప్పుడు కూడా తల ఎత్తలేదు, చెయ్యి మాత్రం చాపాడు.

నువ్వు ఆ మాటలు నేర్చుకోవడం ఆపు. రోజంతా అవే నోట్లో నానితే మనిషి మెదడు అటే పోతుంది. అన్నం, నీళ్లు నేర్చుకో.

యాదగిరి ఎలా ఉన్నాడో తెలిస్తే రాయి. కొడుతున్నారా? చలి మొదలైంది, కప్పుకోవడానికి ఇచ్చారా? నేనెందుకు అడుగుతున్నానని అడగకు.

మొండయ్య


అల్ ఖోబర్
21 నవంబర్ 2024, గురువారం

మామకు,

చివరి దాకా నెమ్మదిగా చదువు. కూర్చుని చదువు.

మంగళవారం వాజిద్ సాబ్ నన్ను ఆఫీసుకు పిలిచాడు. నా ప్రాణం అక్కడే సగం పోయింది. యాదగిరి కేసులో సంచి మీది రాత చదివే మనిషి కావాలని పోలీసులు అడిగారట. బయట వెతికితే ఆలస్యమవుతుంది, నువ్వు బాగా చదువుకున్నవాడివి, అరబ్బీ కూడా కొంచెం వచ్చు కదా, నువ్వే రా అన్నాడు. నా పేరు నేనే చదవడానికి నన్నే పిలిచారు మామా. ఏడవాలో నవ్వాలో తెలియలేదు.

ఇదే మంచిదనుకున్నాను. పోయి చదివి, ఆ పేరు నాదే, సంచి నాదే అనేస్తే ఒక్క మాటతో అయిపోతుంది. ఆ రోజు లావ్ సార్‌కు మొత్తం చెప్పేశాను, ఎందుకు ఆ మాటలు నేర్చుకుంటున్నానో కూడా. ఆయన "యత్ వోక్ సుక్" అన్నాడు, అంటే ఒకే మూకుట్లో అందరూ ఉడికిపోవడం. సార్, ఇంకొకణ్ణి గుంజడానికి ఇన్ని మాటలున్నాయి కదా, గుంజకుండా తనంతట తాను పక్కకు పోయి నిలబడడానికి మాటే లేదా అని అడిగాను. ఆయన చేతి తొడుగులు విప్పి పక్కన పెట్టాడు. "పుయ్" అన్నాడు. తోడు ఉండడమట. ఆస్పత్రిలో మంచం పక్కన కూర్చునేవాడు చేసేది అదేనట. మర్నాడు పొద్దున నేను బయల్దేరేసరికి ఇస్త్రీ చొక్కా వేసుకుని కారు దగ్గర నిలబడి ఉన్నాడు. ఆ ఆఫీసు బయట బెంచీ మీద నేను వచ్చేదాకా కూర్చున్నాడు. ఆయనకు అక్కడేమీ పని లేదు.

లోపల యాదగిరన్నను తెచ్చారు. చిక్కిపోయాడు, గడ్డం పెరిగింది. కొట్టిన గుర్తులు కనపడలేదు, దుప్పటి ఇచ్చారట, నువ్వు అడిగావు కాబట్టి రాస్తున్నాను. నన్ను చూసి నవ్వబోయి ఆగిపోయాడు. బల్ల మీద సంచి పెట్టారు. అమ్మ పాత చీర కొంగుతో కుట్టిన సంచి, నేను గుర్తుపట్టాను. రాత వైపు తిప్పారు.

నా పేరు కాదు మామా. "మొండయ్య, బురైదా" అని ఉంది.

ఆ అక్షరాలు సరళ వదినవి. అమ్మకు రాయడం రాదు కదా, సంచి ఇవ్వడానికి పోయినప్పుడు వదిన చేతే రాయించి ఉంటుంది. అన్న ఆ గదిలో ఉన్నంతసేపూ ఆ సంచినే చూస్తున్నాడు, భార్య చేతిరాత మరి.

అధికారి ఏముందని అడిగాడు. నీ ఫైనల్ ఎగ్జిట్ గుర్తొచ్చింది, నిన్ను చూసి ఏడ్చే మనవరాలు గుర్తొచ్చింది. "స్వామి" అని చదివాను. స్వామి అంటే నేనే, సంచి మా అమ్మ నాకు పంపింది, ఈ మనిషికి లోపల ఏముందో తెలియదు అన్నాను. అక్కడ ఉన్నవాళ్లలో తెలుగు వచ్చినవాళ్లం మేమిద్దరమే. అన్న తల ఎత్తి మెల్లగా, "నాకూ సదువస్తది తమ్మీ. గట్ల సదవకు," అన్నాడు. ఏమంటున్నాడని అధికారి నన్నే అడిగాడు. సరిగ్గానే చదివానంటున్నాడని చెప్పాను.

నన్ను ఆ పూట పట్టుకోలేదు. అంతా రాసుకుని, సంతకం పెట్టించుకుని, ఆదివారం పాస్‌పోర్టుతో రమ్మన్నారు. పాస్‌పోర్టు కంపెనీ దగ్గరుంది, వాజిద్ సాబ్ తెస్తాడు. ఆయన నాతో మాట్లాడడం మానేశాడు. ఆదివారం పోతే తిరిగి వస్తానో లేదో తెలియదు. అమ్మకు ఇంకా చెప్పలేదు.

నువ్వు కదలకు మామా. నీ పేరు ఎవరికీ తెలియదు, తెలియబోదు కూడా. కాగితాలు వస్తే విమానం ఎక్కేసి వెళ్లిపో. ఒక్కటే అడగాలని ఉంది, ఆ మూట అందులోకి ఎలా వచ్చిందో నీకు తెలుసా? వద్దులే. రాయకు.

స్వామి


బురైదా
22 నవంబర్ 2024, శుక్రవారం

అల్లుడా,

ఈ ఉత్తరం నేనే తెస్తున్నాను. నీ చేతికిచ్చి పక్కనే కూర్చుంటాను. నోటితో చెప్పడం నావల్ల కాదు, అందుకే రాస్తున్నాను. చదివేటప్పుడు నా మొహం చూడకు.

నాకు తెలుసు. ఆ మూట నేను అడిగితేనే వచ్చింది.

ఇక్కడి నుంచి శాశ్వతంగా పోతున్నాను కదా, పోయేముందు తోటలో మనవాళ్లందరికీ ఒకసారి మన ఊరి మాంసం కూర వండిపెట్టాలని బుద్ధి పుట్టింది. గసగసాలు నూరి వేయనిది అది కూరే కాదు. అక్కకు ఫోన్ చేశాను. పొడి కొట్టకు, వాసన పోతుంది, అట్లనే విడిగా మూట కట్టి మసాలాల నడుమ పెట్టమన్నాను. పాపం అక్క అడిగింది కూడా, "గవి ఆడికి రానిస్తరారా తమ్మీ?" అని. "రానిస్తరక్కా, నేను ఇన్నేండ్ల సంది తింటలేనా?" అన్నాను. నిజమే, ఒకసారి ఎవడో తెస్తే తిన్నాను, ఏమీ కాలేదు. మళ్లీ ఏమీ కాదనుకున్నాను. కొత్తగా వచ్చిన ప్రతివాడికీ వద్దని చెప్పేవాణ్ణి నేనే, తెప్పించుకున్నదీ నేనే.

నీ మొదటి ఉత్తరంలో గసగసాలు అనే మాట చదవగానే నాకు నా మూటే గుర్తొచ్చింది. నాది కాదు, ఖాజాది అని నాకు నేనే చెప్పుకున్నాను. ఎవడో ఒకడు కావాలి కదా. రెండో ఉత్తరం వచ్చాక ఇక చెప్పుకోవడానికి ఏమీ మిగలలేదు. అప్పుడైనా నిజం రాయాల్సింది. రాయకుండా అక్కను అడగొద్దని నీకు ఆజ్ఞలు రాశాను. నువ్వేమో మీ సార్ మాటలు నేర్చుకుని నిన్ను నువ్వు తిట్టుకున్నావు. ఆ భుజం వాల్చే మాట నాది అల్లుడా, నీది కాదు.

నిన్ను ఎవడు చదవమన్నాడు అట్లా? నా పేరు చూసి నీ పేరు చెప్తావా? నీ ఉత్తరం చదివి నిన్ను కొట్టాలనిపించింది. తర్వాత మోటరు షెడ్డులో కూర్చుని ఏడ్చాను. మీ నాన్న పోయినప్పుడు కూడా అంత ఏడవలేదు.

తర్వాత లేచి పోయి ఖాజా దగ్గర నిలబడ్డాను. అందరూ ఉన్నారు, డబ్బాలు ఎక్కిస్తున్నారు. అందరూ వినేటట్టే చెప్పాను, సంచి నాది, ఇతని మీద మోపాను, తప్పయింది అని. ఖాజా తాడు బిగిస్తూనే, "ఎక్కు మామా, లేటయితాంది," అన్నాడు. అంతే. ఇప్పుడు అతని పక్క సీటులో కూర్చునే రాస్తున్నాను, బురైదా దాటకముందే డీజిల్ కోసం బండి ఆపాడు. కఫీల్ కొడుకును సెలవు అడిగాను, ఎందుకని అడిగితే చెప్పాను. నా ఫైనల్ ఎగ్జిట్ ఆపేస్తానన్నాడు. ఆపనీ.

భయంగా ఉంది అల్లుడా. ఈ వయసులో లోపల ఎలా ఉంటానో, మళ్లీ బయటికి వస్తానో రానో. ఖాజా చాయ్ తెచ్చి పెట్టాడు, రాస్తూనే తాగుతున్నాను. మనవరాలు నన్ను గుర్తుపట్టకపోతే పోనీ, ఎలాగూ ఇప్పుడూ గుర్తుపట్టదు.

ఎవడి తాళం వాడే తీయాలని నువ్వే రాశావు. ఆదివారం నీతో లోపలికి వస్తాను. వాజిద్‌తో ముందే మాట్లాడదాం, భయపడి తప్పు చదివానని చెప్పు, అది అబద్ధం కూడా కాదు. సంచి మళ్లీ బల్ల మీద పెట్టమను. యాదగిరి కూడా అక్కడ ఉంటే మంచిది. ఈసారి సరళ రాసింది రాసినట్టు చదువు. నీ గొంతు వణికితే వణకనీ. చదివాక వేలు నా వైపు చూపించు, నేను నీ పక్కనే నిలబడి ఉంటాను.

సంచి మీద పేరున్న
మొండయ్య